నా యానిమేషన్ చూసి "బరువు లేదు" అంటున్నారు. తోటివాళ్ల ఫీడ్‌బ్యాక్‌తోనే నేర్చుకోవడం కుదురుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. ఏడు నెలలుగా బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో సొంతంగా క్యారెక్టర్ యానిమేషన్ నేర్చుకుంటున్నారు. ఉన్నచోటే పైకి ఎగిరి కిందికి దిగే షాట్ ఒకటి చేసి, మీలాగే నేర్చుకుంటున్న ఐదుగురు ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ముగ్గురు "సూపర్ బ్రో" అన్నారు. ఒకరు "ఫ్లోటీగా ఉంది", అంటే గాలిలో తేలుతున్నట్టుంది అన్నారు. ఇంకొకరు "బరువు తెలియట్లేదు, కొంచెం స్లో చెయ్యి" అన్నారు. మీరు గాలిలో ఉండే భాగాన్ని 20 ఫ్రేముల నుంచి 30కి పెంచారు, షాట్ ఇంకా పాడైంది. ఇక గురువు లేకుండా ఇది వచ్చే విద్యేనా అని అడుగుతున్నారు.

వస్తుంది. నేను హైదరాబాద్‌లో పద్నాలుగేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. మొదటి రెండేళ్లు నాకు నేర్పింది ఎక్కువగా నా పక్క సీటువాళ్లే. కాకపోతే ఒక షరతు ఉంది. తోటివాళ్లు చెప్పే లక్షణాన్ని నమ్మండి, వాళ్లు రాసిచ్చే మందును మాత్రం వెంటనే వాడకండి. కడుపునొప్పి అని రోగి చెబితే అది నిజమే. కానీ ఫలానా మాత్ర ఇవ్వండి అని కూడా ఆయనే చెబితే డాక్టరు ఇచ్చేయడు కదా. మీ విషయంలో జరిగింది సరిగ్గా అదే.

మీ షాట్‌నే లెక్కేసి చూద్దాం. సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 బొమ్మలు. 20 ఫ్రేములు గాలిలో ఉంటే పైకి 10, కిందికి 10. పది ఫ్రేములంటే సుమారు 0.42 సెకను. అంతసేపట్లో వస్తువు కిందపడే దూరం దాదాపు 85 సెంటీమీటర్లు. అంటే మీ క్యారెక్టర్ అప్పటికే నడుమెత్తు ఎగిరినట్టు లెక్క. 30 ఫ్రేములు చేశాక పైకి 15, కిందికి 15. లెక్క ప్రకారం 1.9 మీటర్లు, అంటే ఆరడుగుల పైమాటే! వీడియోలో చూస్తే పాదాలు లేచింది జానెడున్నర. మామూలు మనిషి ఉన్నచోట ఎగిరితే 30 నుంచి 40 సెంటీమీటర్లు లేస్తాడు. దానికి గాలిలో పట్టేది 12 నుంచి 14 ఫ్రేములు మాత్రమే. మీరు తగ్గించాల్సినదాన్ని పెంచారు.

ఇప్పుడు ఆ ఇద్దరి మాటలూ మళ్లీ చదవండి. "ఫ్లోటీ" అన్నవాడూ "బరువు లేదు" అన్నవాడూ ఒకే జబ్బును చూశారు, ఇద్దరి కళ్లూ సరిగ్గానే చూశాయి. "స్లో చెయ్యి" అన్న మందు ఒక్కటే తప్పు. బరువైన మనిషి గాలిలో నెమ్మదిగా కదలడు. బరువైనదీ తేలికైనదీ ఒకే వేగంతో పడతాయని స్కూల్లో చదువుకున్నదే. తేడా తెలిసేది నేల దగ్గర. ఎగరబోయే ముందు ఎంత కుంగాడు, ఎంతసేపు కుంగాడు, దిగాక మోకాళ్లు ఎంత లోతుకు వెళ్లాయి, తిరిగి నిలదొక్కుకోవడానికి ఎన్ని ఫ్రేములు పట్టింది, అక్కడ చూపించాలి. గాలిలో 13 ఫ్రేములు పెట్టి, మిగిలిన ఫ్రేములన్నీ ముందు కుంగడానికీ దిగాక సర్దుకోవడానికీ పంచండి. కార్టూన్ శైలి షాట్ అయితే పైన కాసేపు వేలాడదీయొచ్చు. అది తెలిసి చేసే అబద్ధం, ఆ సంగతి వేరు.

బరువు గురించి నాకు బుద్ధి వచ్చిన సందర్భం ఒకటి చెప్పాలి. ఉద్యోగానికి ముందు, స్టూడియోలకు చూపించే నా పనుల రీల్ కోసం ఒకావిడ నీళ్ల బిందె ఎత్తి నడుమున పెట్టుకునే షాట్ చేశాను. అప్పట్లో మేం ఐదుగురం అమీర్‌పేటలో ఒకే గదిలో ఉండేవాళ్లం. అందరూ చూశారు. ఒకడు స్పేసింగ్ (ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య కదిలే దూరం) అన్నాడు, ఇంకొకడు యాంటిసిపేషన్ (కదలికకు ముందు చేసే సన్నాహం) తక్కువైందన్నాడు, మూడోవాడు ఆర్క్ (కదలిక సాగే వంపు) బాలేదన్నాడు. వాళ్లు చెప్పినవన్నీ సరిచేశాను. వారం పట్టింది. పండక్కి ఊరెళ్లినప్పుడు అమ్మకు లాప్‌టాప్‌లో చూపించాను. ఒకసారి చూసి, "ఖాళీ బిందెకు అంత అవస్థ ఎందుకురా ఆ పిల్లకు?" అంది.

అమ్మకు స్పేసింగ్ అంటే తెలియదు. కానీ రోజూ బిందె ఎత్తే మనిషి. మర్నాడు పొద్దున్నే పంపు దగ్గర ఫోన్‌తో తీశాను. పదిహేను లీటర్ల బిందె, అంటే నీళ్లే పదిహేను కిలోలు. నా షాట్‌లో చెయ్యి బిందెను తాకిన ఫ్రేములోనే బిందె లేవడం మొదలయ్యేది. అమ్మ అలా చెయ్యలేదు. ముందు కుడికాలును బిందె పక్కకు జరిపింది. వంగి ఒక చేత్తో బిందె మెడ పట్టుకుంది, రెండో చెయ్యి అడుగున పెట్టింది. బిందెను తనవైపు కొద్దిగా ఒరిగించింది. అప్పుడు దాదాపు అర సెకను పాటు బిందె కదల్లేదు, మనిషి మాత్రం బిగుసుకుంది. మెడ నరాలు తేలాయి, భుజాలు చెవులవైపు లేచాయి, తుంటి వెనక్కి వెళ్లింది. ఆ తర్వాతే బిందె నేల వదిలింది. నడుమున చేరగానే నడుము పైభాగం రెండోవైపుకు ఒరిగింది, ఖాళీ చెయ్యి దూరంగా చాచుకుంది. మొదటి అడుగు చాలా చిన్నది.

ఆ కదలని అర సెకనే బరువు. నా షాట్‌లో అది లేదు. మా గదిలోవాళ్లు చెప్పిన మాటలు తప్పని కాదు. ఏదో తేడాగా ఉందని వాళ్లకూ తెలిసింది, కాకపోతే దానికి పుస్తకంలోని పేర్లు తగిలించారు. 1981లో డిస్నీ యానిమేటర్లు ఫ్రాంక్ థామస్, ఓలీ జాన్‌స్టన్ తమ పుస్తకంలో 12 సూత్రాలు రాశారు. అవి మన పనికి పునాది, సందేహం లేదు. కానీ కొత్తగా నేర్చుకున్నవాళ్లు షాట్ చూడకముందే ఆ పన్నెండులో ఏదో ఒకటి అనేస్తారు. అలాంటి మాట వస్తే "ఏ ఫ్రేములో?" అని ఒక్క ప్రశ్న అడగండి. ఫ్రేము చెప్పగలిగితే ఆ మాటకు విలువుంది. చెప్పలేకపోతే థాంక్స్ చెప్పి వదిలేయండి.

చూసి చేసుకోవడానికి ఫోన్‌లో తీసిన రిఫరెన్స్ వీడియో గురించి ఒక మాట, మళ్లీ మర్చిపోతాను. చాలా ఫోన్లు సెకనుకు 30 ఫ్రేములు తీస్తాయి. మీ షాట్ 24. వీడియోలో 15 ఫ్రేములు పట్టిందని ఇక్కడా 15 పెడితే కదలిక పాతిక శాతం సాగిపోతుంది, మళ్లీ "ఫ్లోటీ" అంటారు. 30లో 15 అంటే 24లో 12. ఈ తప్పు నా దగ్గరికి వచ్చిన జూనియర్లలో చాలామంది చేశారు. అంతకుముందు నేనూ చేశాను.

ఎప్పుడు చూపించాలి అన్నదే సగం పని. మీరు షాట్ మొత్తం స్ప్లైన్ చేసి (అంటే పోజుల మధ్య కదలికను కంప్యూటర్‌తో నునుపుగా నింపించి), వేళ్ల కదలిక కూడా దిద్ది, అప్పుడు గ్రూపులో పెట్టారు. ఆ దశలో ఎవరైనా "అసలు పోజే అర్థం కావట్లేదు" అంటే మీరు వింటారా? మూడు వారాల కష్టం కళ్లముందు కనబడుతుంటే మనసు ఒప్పుకోదు. చిన్న చిన్న కర్వులు సర్ది కప్పిపుచ్చుతాం. నా మొదటి ఉద్యోగంలో ఒక షాట్‌కు ఎనిమిది రోజులు పాలిష్ చేసి మా టీమ్ లీడ్‌కు చూపించాను. ఆయన రెండు సెకన్లు చూసి, "కెమెరా వైపు చెయ్యి మొహాన్ని కప్పేస్తోంది కదయ్యా" అన్నాడు. మూడు పోజులు మార్చాలి, వాటి మీద చేసిందంతా పోయింది. ఆ మాట బ్లాకింగ్‌లో, అంటే పోజులు మాత్రమే పెట్టే దశలో, విని ఉంటే పావుగంట పని.

కాబట్టి మూడుసార్లు చూపించండి. మొదటిసారి ఐదారు ముఖ్యమైన పోజులు మాత్రమే, ఇంటర్‌పొలేషన్ కాన్‌స్టంట్‌లో పెట్టి, అంటే మధ్యలో కదలిక లేకుండా ఒక పోజు నుంచి ఇంకోదానికి దూకేలా. రెండోసారి మధ్య పోజులన్నీ పెట్టి టైమింగ్ కుదిరాక, ఇంకా స్ప్లైన్ చెయ్యకముందు. మూడోసారి స్ప్లైన్ చేశాక. మొదటిసారి వచ్చే మాటలే అన్నిటికంటే విలువైనవి. ఆ దశలో షాట్ చూపించడానికి సిగ్గుగా ఉంటుంది, ఉండనివ్వండి. స్టూడియోల్లో రోజూ డైలీస్ పెట్టి సగం వండిన పనిని చూపించేది ఇందుకే. 1930లలో డిస్నీలో పెన్సిల్ టెస్టులు (పెన్సిల్ గీతల దశలోనే ఫిల్ము తీసిన యానిమేషన్) చూసే చిన్న ప్రొజెక్షన్ గదికి స్వెట్‌బాక్స్ అని పేరు. ఏసీ లేని ఇరుకు గది కాబట్టి చెమటలు పట్టేవి. తమ పని తెరమీద పడుతుంటే యానిమేటర్లకు పట్టే చెమట సంగతి చెప్పనక్కర్లేదు.

చూపించే పద్ధతిలోనూ రెండు మూడు జాగ్రత్తలున్నాయి. వ్యూపోర్ట్‌లో (బ్లెండర్‌లో మీరు పనిచేసే కిటికీలో) ప్లే చేసి దాన్నే స్క్రీన్ రికార్డ్ చెయ్యొద్దు. మీ సిస్టమ్ నెమ్మదైనదైతే 24 బదులు 15, 16 ఫ్రేములే ఆడుతుంటాయి, అందరూ లేని తప్పును దిద్దుతారు. రెండర్ తీసి, అంటే ఫ్రేములన్నిటినీ వీడియో ఫైలుగా మార్చి పెట్టండి. అవుట్‌పుట్ ప్రాపర్టీస్‌లో మెటాడేటా కింద బర్న్ ఇన్‌టు ఇమేజ్ టిక్ పెడితే ఫ్రేము నంబరు వీడియో మీదే పడుతుంది. వాట్సాప్‌లో మామూలు వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, క్వాలిటీ చెడదు. చూసేవాళ్లను వీఎల్‌సీ ప్లేయర్‌లో ఆపి, కీబోర్డులో ఇ (E) అక్షరం నొక్కుతూ ఒక్కో ఫ్రేము చూడమనండి.

ఇక "ఎలా ఉంది?" అని అడగడం మానేయండి. ఆ ప్రశ్నకు మన దగ్గర మర్యాదైన జవాబు ఒక్కటే, "బాగుంది." పెళ్లి భోజనం ఎలా ఉందని అడిగితే ఉప్పెక్కువైందని ఎవరంటారు? మా గదిలో దీనికో రూలు పెట్టుకున్నాం. షాట్ చూసి "బాగుంది" అని ఊరుకున్నవాడు ఆ పూట అందరికీ టీ ఇప్పించాలి. రెండు వారాల్లో అందరి కళ్లూ పదునెక్కాయి. మీ గ్రూపులో అలాంటిదేదో పెట్టుకోండి. మొహమాటం పోవాలంటే ముందు అనుమతి ఇవ్వాలి.

నేను అడిగే ప్రశ్నలు ఇవి. ముందు ఏమీ చెప్పకుండా ఒక్కసారి ఆడించి, "ఇందులో ఏం జరిగింది?" అంటాను. "బిందె ఎత్తింది" అంటే సరే, "బిందె తోసిందా?" అంటే ఇక మిగతా ప్రశ్నలు అనవసరం, పోజులకు తిరిగి వెళ్లాలి. తర్వాత, "నీ కన్ను ఎక్కడ తట్టుకుంది?" కారణం అడగను, చోటు మాత్రమే అడుగుతాను. ఆ తర్వాతే నాకు అనుమానమున్న ఒకే ఒక్క విషయం అడుగుతాను, "40 నుంచి 60 మధ్య తుంటి మాత్రం చూడు" అని. అన్నీ ఒకేసారి అడిగితే ఏదీ సరిగ్గా చూడరు.

ఎవరేం చెబుతున్నా మధ్యలో అడ్డుపడి వివరించకండి. "అక్కడ వాడు భయపడుతున్నాడు కాబట్టి ఆగాడు" అని మీరు చెప్పగానే చూసేవాడు సర్దుకుపోతాడు, రేపు చూసే ప్రేక్షకుడికి ఆ వెసులుబాటు ఉండదు. "రిగ్ (క్యారెక్టర్‌ను కదిలించే లోపలి అమరిక) అలా ఉంది" అనేది కూడా నోటికి రానివ్వొద్దు. కాగితం పెట్టుకుని ఫ్రేము నంబరు, వాళ్లన్న మాట యథాతథంగా రాసుకోండి.

రాసుకున్నాక ఆ మాటలను మన భాషలోకి మార్చుకోవాలి. అసలు పని ఇక్కడే. నా అనుభవంలో తరచూ వినబడేవి కొన్ని.

"రోబోలా ఉంది." చాలాసార్లు కారణం ఒకటే. బ్లాకింగ్‌లో ఒంట్లో భాగాలను కదిలించే అన్ని కంట్రోల్స్‌కూ ఒకే ఫ్రేములో కీఫ్రేములు పెట్టి, స్ప్లైన్ చేశాక అలాగే వదిలేశారు. ఒంట్లో ప్రతి భాగం ఒకేసారి కదిలి ఒకేసారి ఆగుతోంది. తుంటిని ముందు పంపండి, రొమ్ము రెండు ఫ్రేములు ఆలస్యంగా, తల ఇంకో రెండు, చేతులు చివర్లో. రెండు చేతులూ అద్దంలో బొమ్మల్లా ఒకే పని చేస్తున్నాయేమో కూడా చూసుకోండి.

"నడక తేలిపోతోంది." వాక్ సైకిల్లో (పదేపదే ఆడే నడకలో) ఇది దాదాపు ఎప్పుడూ తుంటి జబ్బే. మామూలు నడకకు అడుగుకు 12 ఫ్రేములు అనుకుందాం. 1లో మడమ ఆనుతుంది, 4లో ఒళ్లు కిందికి దిగుతుంది, 7లో కాళ్లు ఒకదాన్ని ఒకటి దాటతాయి, 10లో పైకి లేస్తుంది, 13లో రెండో మడమ. కొత్తవాళ్లు ఆ 4వ ఫ్రేమును నామమాత్రంగా వేస్తారు. బరువు కాలి మీద పడేది అక్కడే. ఇంకొకటి, కాళ్లు దాటే సమయంలో తుంటి నేలమీదున్న కాలి వైపుకు జరగాలి. ముందునుంచి చూసి సరిచూసుకోండి. పక్కనుంచి ఈ తప్పు కనబడదు.

"మోకాలు టక్కుమంటోంది." ఐకే కాలు (పాదాన్ని జరిపితే మోకాలు దానంతటదే వంగే అమరిక) పూర్తిగా చాచుకుపోయి, తర్వాతి ఫ్రేములో ఒక్కసారిగా వంగుతోంది. తుంటిని కాస్త దించండి, లేదా పాదాన్ని ఒక వెంట్రుకవాసి దగ్గరకు జరపండి.

"జీవం లేదు." ఇది అసలు ఫీడ్‌బ్యాకే కాదు. ఇంకో రెండు ప్రశ్నలు అడిగి చోటు రాబట్టండి.

ఒకరు ఫాస్ట్ అని, ఇంకొకరు స్లో అని అంటే తల పట్టుకోకండి. ఇద్దరూ ఒకే చోటును చూపిస్తున్నారా అన్నది చూడండి. చూపిస్తుంటే అక్కడ తప్పున్నట్టే, వేగం మాత్రం కాదు. నేను అలాంటప్పుడు దానికి ముందున్న పోజును చూస్తాను. అది స్పష్టంగా అర్థం కాకపోతే తర్వాత వచ్చే కదలిక ఒకరికి హఠాత్తుగా, మరొకరికి సాగదీసినట్టు అనిపిస్తుంది. ముగ్గురు ఒకే చోటు చూపిస్తే దిద్దాల్సిందే. ఒక్కరే అంటే రాసుకుని మర్నాడు మళ్లీ చూస్తాను. పాదం జారడం, మోకాలు టక్కుమనడం లాంటి కళ్లకు కనబడే తప్పులకు మాత్రం ఓట్లు లెక్కపెట్టక్కర్లేదు, ఒక్కరు చెప్పినా చాలు.

గ్రూపులో యానిమేటర్లు మాత్రమే ఉంటే ఒక చిక్కుంది. అందరూ అవే యూట్యూబ్ పాఠాలు చూసి ఉంటారు కాబట్టి అందరికీ అదే గుడ్డిమచ్చ. ఆ మధ్య ఒక విద్యార్థుల బృందం పని చూశాను. ఆరుగురి షాట్లలోనూ క్యారెక్టర్ తల తిప్పే ముందు కూడా వెనక్కి వాలుతోంది! ఒకరికొకరు దాన్ని మెచ్చుకుంటున్నారు కూడా. అందుకే ఇంట్లోవాళ్లలో ఒకరికి, వీలైతే మీకంటే రెండేళ్లు ముందున్నవాళ్లలో ఒకరికి చూపించండి. ఇంట్లోవాళ్లు కథ అర్థమైందో లేదో చెబుతారు, సీనియర్ కారణం చెబుతాడు. తోటివాళ్లు మాత్రం రోజూ దొరుకుతారు. అదే వాళ్ల గొప్పదనం.

నటన దగ్గర తోటివాళ్ల మాట పెద్దగా పనికిరాదన్నది నా అభిప్రాయం. కోపంలో ఈ మనిషి అరుస్తాడా, నిశ్శబ్దంగా గ్లాసు కింద పెడతాడా అన్నది మీరు నిర్ణయించుకోవాలి. ఐదుగురిని అడిగితే ఐదు నటనలు వస్తాయి, అన్నీ కలిపితే ఏదీ మిగలదు.

మీకు వచ్చే ఫీడ్‌బ్యాక్ కంటే మీరు ఇచ్చే ఫీడ్‌బ్యాక్ వల్లే ఎక్కువ నేర్చుకుంటారు. మన షాట్‌లో తప్పు మనకు కనబడదు, వందసార్లు చూసి కన్ను అలవాటు పడిపోతుంది. పక్కవాడి షాట్‌లో అదే తప్పు ఇట్టే కనబడుతుంది. నేను మామూలు వేగంతో మూడుసార్లు చూస్తాను, ఏమీ రాయను. తర్వాత వీడియోను కుడి ఎడమలు తిప్పి చూస్తాను, కొత్తదానిలా కనబడుతుంది. అప్పుడు ఒక్కో ఫ్రేము. చివరగా లేచి నిలబడి ఆ పని నేనే చేసి చూస్తాను. ఆఫీసులో నన్ను చూసి నవ్వుకునేవాళ్లు ఉన్నారు, పర్వాలేదు. ఇవన్నీ అయ్యాక ఒకే ఒక్క పెద్ద తప్పు చెబుతాను. పదిహేను రాస్తే అవతలివాడు తేలికైన మూడు దిద్దుకుని పెద్దది వదిలేస్తాడు. నేనూ అదే చేసేవాణ్ని.

ఒక షాట్ మీద మూడు విడతల కంటే ఎక్కువ కూర్చోకండి. మీ స్థాయికి అందని తప్పులు కొన్ని మిగిలిపోతాయి, వాటిని తర్వాతి షాట్‌కు వదిలేయండి.

మీ ఎగిరే షాట్‌ను పారేయొద్దు. స్ప్లైన్ ఫైలును పక్కనపెట్టి, కొత్త ఫైల్‌లో కుంగడం, నేల వదలడం, పైన ఉండటం, పాదాలు తాకడం, అట్టడుగుకు దిగడం, నిలబడటం అనే ఆరు పోజులు మాత్రం కాన్‌స్టంట్‌లో పెట్టండి. గాలిలో 13 ఫ్రేములు దాటనివ్వకండి. ఫ్రేము నంబర్లు కనబడేలా రెండర్ తీసి ఇక్కడే జవాబుగా పెట్టండి, ఆదివారం చూసి చెబుతాను. ఆ "స్లో చెయ్యి" అన్న మిత్రుడికి కూడా పంపండి. తప్పు పట్టుకున్న ఇద్దరిలో ఆయనా ఒకరు కదా.